పెరట్లో ఏ మొక్క ఎక్కడుండేదంటే

గుంటూరు బ్రాడీపేటలో, బెజవాడ సత్యనారాయణపురంలో ఇంకా పెంకుటిళ్ళు నిలబడి ఉన్న రోజుల్లో ఇంటి వెనక కాస్తో కూస్తో జాగా ఉండేది. చూసేవాళ్ళకి అది అడ్డదిడ్డంగా పెరిగిన మొక్కల గుంపు. చేసేవాళ్ళకి మాత్రం లెక్క తెలుసు. తూము దగ్గర ఉండాల్సింది దడి మీద ఉండదు, దడి మీద పాకాల్సింది నూతిగట్టు దగ్గర బతకదు. ఇప్పుడు ఫోన్లలో తిరిగే చిట్కాల్లో "ఫలానా ఆకు ఫలానా జబ్బుకి" అన్న ఒక్క ముక్కే మిగిలింది. ఆ ఆకు ఏ చోట పెరగాలి, ఎప్పుడు కోయాలి, ఎంత వెయ్యాలి, ఎవరికి పెట్టకూడదు అన్నవి చాలావరకు ఆ ఇళ్ళతో పాటే పోయాయి.

ముందు నేల సంగతి. మనది నల్లరేగడి. తొలకరికి కాలికి అంటుకుపోతుంది, మార్చి దాటేసరికి చెయ్యి దూరేంత నెరియలు విచ్చుతుంది. నెరియ విచ్చినప్పుడు సన్నవేళ్ళు తెగిపోతాయి. వానాకాలంలో నీళ్ళు దిగక అవే వేళ్ళు కుళ్ళిపోతాయి. అందుకే పెరటి మళ్ళలోకి ఏటి ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపేవాళ్ళు. రెండు తట్టల మట్టికి ఒక తట్ట ఇసుక, ఒక తట్ట ఎరువు. ఎరువు నల్లగా, పొడిపొడిగా, పేడ వాసన లేకుండా ఉండాలి. పచ్చిపేడ వేస్తే వేరుపురుగు పడుతుంది. కట్టెల పొయ్యి బూడిద ఆకుల మీద పురుగుకి చల్లేవాళ్ళే గానీ తట్టలకొద్దీ మట్టిలో కలిపేవాళ్ళు కాదు. ఈ నేలకి అసలే క్షారగుణం. బూడిద ఎక్కువైతే మొక్కకి ఇనుము అందదు, లేతాకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి మధ్యభాగం పసుపు తిరుగుతుంది. కరివేపాకు దగ్గర ఇది తొందరగా బయటపడుతుంది. దాని మొదట్లో పులిసిన మజ్జిగ పొయ్యడం ఈ నేలకి పనికొచ్చే అలవాటే.

స్నానాల గది నీళ్ళు పడే తూము దగ్గర నేల ఏడాది పొడుగునా తడిగా ఉండేది. పొన్నగంటి, సరస్వతి ఆకు, గుంటగలగర అక్కడే. పొన్నగంటికి విత్తనం అక్కర్లేదు. కూరకి గిల్లుకున్నాక మిగిలిన ముదురు కాడల్ని నాలుగు కణుపులు ఉండేలా తుంచి, రెండు కణుపులు తడిమట్టిలో పడుకోబెడితే వారంలో వేళ్ళు వేస్తాయి. మూడు వారాలకొకసారి, నేలకి రెండంగుళాలు వదిలి కొయ్యాలి. మొదలంటా కోస్తే మళ్ళీ చిగురు రావడానికి నెల పడుతుంది. పూత కనిపించిందంటే ఆకు ముదిరినట్టే, కూరలో పీచు తగులుతుంది. పెసరపప్పు, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఎండుమిర్చి తాలింపు ఉంటే చాలు, మసాలా దండగ.

ఆ తూము తడి అప్పట్లో కుంకుడుకాయ నురగ, సున్నిపిండి కలిసిన నీళ్ళు. మొక్క ఓర్చుకునేది. ఇప్పుడు పడేవి డిటర్జెంటు నీళ్ళు, నేల కడిగే ఫినాయిలు. ఆ నీళ్ళకి సరస్వతి ఆకు అంచులు ముందు గోధుమరంగు తిరిగి, తర్వాత తీగంతా మాడిపోతుంది. తూము దగ్గర మొక్క బతకడం లేదంటే మట్టిని తిట్టే ముందు సబ్బు పెట్టె మీద రాసింది చదవాలి. కాలువగట్ల విషయం అంతకన్నా నయం కాదు. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ గట్ల మీద ఒకప్పుడు పొన్నగంటి, గలిజేరు ఒడిలో కోసుకొచ్చేవాళ్ళు. ఊళ్ళోని మురుగు కలిసే చోట పెరిగిన ఆకుకూర ఎంత నిగనిగలాడినా ఇప్పుడు కోసుకోకూడదు. నీళ్ళలోని సీసం లాంటి లోహాల్ని ఆకుకూరలు పీల్చుకుంటాయి, కడిగితే పోవు, ఉడికిస్తే అంతకన్నా పోవు. అక్కణ్ణుంచి రెండు కాడలు తెచ్చి మంచి మట్టిలో నాటుకుని, మొదటి రెండు కోతలు పారేసి, ఆ తర్వాతివి తినడం తెలివైన పని.

గుంటగలగరని తలనూనె కోసం పెంచేవాళ్ళు. పూతకొచ్చిన మొక్కని వేళ్ళతో సహా పీకకుండా పైకొమ్మలు మాత్రమే కోసి, కడిగి, నీడన గంట ఆరబెట్టి రోట్లో దంచి పిండాలి. పావు లీటరు రసానికి అర లీటరు కొబ్బరినూనె. సన్నసెగ మీద, అడుగు మందంగా ఉన్న గిన్నెలో. చాలామందికి ఇక్కడే చెడుతుంది. నీళ్ళు పూర్తిగా ఇగరకముందే దించేస్తారు, పది రోజులకి నూనె ముక్క వాసన వేసి బూజు పడుతుంది. గిన్నె అడుగున చేరిన పిప్పిని వేళ్ళ మధ్య నలిపితే ముద్ద కాకుండా ఇసుకలా రాలాలి. ఒక వత్తిని ఆ నూనెలో ముంచి వెలిగిస్తే చిటపటలాడకూడదు. చిటపటలాడిందంటే తేమ ఇంకా ఉన్నట్టే.

తూముకి కాస్త ఎగువన, గట్టు వేసి పసుపు పెట్టేవాళ్ళు. దుగ్గిరాల, కొల్లిపర పొలాల నుంచి చుట్టాలు తెచ్చిన నాలుగు కొమ్ములే విత్తనం. దుగ్గిరాల రకం దాదాపు తొమ్మిది నెలల పంట. తొలకరి పడ్డాక జూన్ ఆఖరులో పెడితే సంక్రాంతి దాటాక ఆకు ఎండడం మొదలై, మార్చికి తవ్వకానికొస్తుంది. రెండు మొలకకళ్ళున్న కొమ్ము చాలు, రెండంగుళాల లోతున, జానెడు దూరంలో. సగం నీడ ఉన్నా పండుతుంది గనక జామచెట్టు కిందా పెట్టేవాళ్ళు. పడనిది ఒక్కటే, నిలవనీరు. ఆగస్టు, సెప్టెంబరు ముసురులో మొదట్లో రెండు రోజులు నీళ్ళు నిలిస్తే దుంపకుళ్ళు వస్తుంది. కింది ఆకుల అంచులు ఎండడం మొదలై మొవ్వు లాగితే చేతికొచ్చేస్తుంది. అలా వచ్చిన మొక్కని, చుట్టూ ఉన్న గుప్పెడు మట్టిని కూడా తీసి పెరటి అవతల పారెయ్యాలి. ఆ మడిలో మరుసటి ఏడు పసుపు పెట్టకూడదు.

తవ్వాక దుంపలు, కొమ్ములు వేరుచేసి వేర్వేరుగా ఉడికించాలి, ఎందుకంటే దుంప ఆలస్యంగా ఉడుకుతుంది. నీళ్ళు మునిగేదాకా పోసి ముప్పావుగంట నుంచి గంట. నురగ పొంగి, ఆవిరిలో పసుపు వాసన గుప్పున కొట్టాక ఒక కొమ్ములోకి కొబ్బరీనె గుచ్చితే తడబడకుండా దిగాలి. ఉడుకు చాలకపోతే ఎండాక పెళుసుబారి ముక్కలవుతుంది, ఎక్కువైతే రంగు చస్తుంది. ఆ తర్వాత పది పదిహేను రోజుల ఎండ. రాత్రి మంచుకి తప్పకుండా కప్పాలి. విరిస్తే టప్పుమని శబ్దం రావాలి, వంగితే ఇంకా ఆరాలి. అయిదు కిలోల పచ్చి పసుపు కిలో ఎండు కొమ్ములకి అటూ ఇటూగా దిగుతుంది. కొమ్ములుగా దాచుకుని రెండు నెలలకి సరిపడా మాత్రమే దంచుకుంటే వాసన నిలుస్తుంది. పాలలో వేసుకునేటప్పుడు గ్లాసుకి పావు చెంచా చాలు, చిటికెడు మిరియాల పొడి కలపాలి. మిరియంలోని పైపెరిన్ ఉంటేనే పసుపులోని కర్కుమిన్ ఒంటికి కాస్త పడుతుంది. కస్తూరి పసుపు వేరే మొక్క, ఒంటికి రాసుకునేది, పాలలో కలిపేది కాదు.

ఇక దడి. పశువులు ముట్టనివి, నీళ్ళు అడగనివి దడికి చేరేవి. అడ్డసరం, వావిలి కొమ్మల్ని బొటనవేలంత లావువి జానెడున్నర పొడుగున కోసి ఆషాఢంలో ముసురు పట్టాక గుచ్చితే చాలు. వావిలాకు బాలింత స్నానాల నీళ్ళలో కాగేది, జలుబుకి ఆవిరి పట్టేది. ఆవిరికి గిన్నె దించి కింద పెట్టాకే దుప్పటి కప్పుకోవాలి. పొయ్యి మీద ఉండగా ముఖం పెట్టి కాల్చుకున్నవాళ్ళు తక్కువేం కాదు. చిన్నపిల్లలకి ఈ పని అసలు వద్దు.

అడ్డసరం దగ్గు ఆకు. పచ్చి ఆకుని ఎంత దంచినా రసం రాదు, ముద్దగా ఉండిపోతుంది. ఇడ్లీపాత్రలో ఆవిరి మీద అయిదు నిమిషాలు మెత్తబడనిచ్చి, ఆ వేడిమీదే దంచి పిండితే దిగుతుంది. పెద్దవాళ్ళకి రెండు చెంచాల రసం, ఒక చెంచా తేనె. దగ్గు మందుల్లో కనిపించే బ్రోమ్‌హెక్సిన్ అనే రసాయనానికి మూలం ఈ ఆకులోని వాసిసిన్ అన్న పదార్థమే. అంటే ఇది ఉత్త నమ్మకం కాదు, అలాగని ఎవరికి పడితే వాళ్ళకి పోసేదీ కాదు. గర్భసంచిని కదిలించే గుణం ఉంది గనక గర్భిణులకి ఇవ్వకూడదు. రెండు వారాలు దాటిన దగ్గుకి ఆకులు వెతకడం మానేసి కళ్ళె పరీక్ష చేయించుకోవాలి.

తిప్పతీగ వేపచెట్టు మీదికి పాకించేవాళ్ళు. ఆకు తమలపాకుని పోలి ఉంటుంది, కాబట్టి ఆకుని చూసి గుర్తుపడితే పొరపడతారు. కాండం చూడాలి. గోటితో గీరితే పల్చటి కాగితపు పొర లేచి కింద ఆకుపచ్చ కనిపిస్తుంది, అడ్డంగా కోస్తే చక్రంలా గీతలుంటాయి, పైనుంచి దారాల్లాంటి వేళ్ళు వేలాడతాయి. కాండం నిండా గట్టి బుడిపెలు దట్టంగా ఉంటే అది దీని చుట్టం, వేరే తీగ. తిప్పతీగకి కరోనా రోజుల్లో పట్టిన వైభవం అంతా ఇంతా కాదు. రోజూ పొద్దున్నే గ్లాసెడు కషాయం నెలలపాటు తాగినవాళ్ళున్నారు. 2021లో ముంబై వైద్యులు తిప్పతీగ వాడినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్న సంగతి రాశారు. ఆయుష్ మంత్రిత్వశాఖ దాన్ని ఒప్పుకోలేదు. ఆ వాదన ఎలా తేలినా, పాత ఇళ్ళలో జ్వరానికి మూడు రోజుల కషాయమే ఉండేది. రోజూ టీ బదులు తాగే అలవాటు లేదు. కాలేయం జబ్బు, కీళ్ళవాతం లాంటివి ఉన్నవాళ్ళు దీని జోలికి పోకపోవడం మేలు.

దడి మీద అందరికీ ఇష్టమైనది నల్లేరు. నల్లేరు మీద బండి నడక అంటాం గానీ దాంతో పచ్చడి చెయ్యడం అంత సులువు కాదు. పెంచడం మాత్రం సులువే: రెండు కణుపుల ముక్కని రోజంతా ఆరనిచ్చి గుచ్చి మరిచిపోవాలి. రోజూ నీళ్ళు పోస్తే కుళ్ళుతుంది. పచ్చడికి చివరి మూడు నాలుగు కణుపులే కొయ్యాలి, గోటితో గిల్లితే పుటుక్కున తెగేంత లేతవి. చేతులకి నువ్వులనూనె పట్టించుకోవాలి, లేదంటే దురద. కాడకున్న నాలుగు అంచుల పీచు లాగేసి, కణుపులు తీసేసి, అంగుళం ముక్కలు చెయ్యాలి. కప్పుడు ముక్కలకి మూడు చెంచాల నువ్వులనూనె వేసి, పచ్చిరంగు పూర్తిగా పోయి ముడుచుకునేదాకా పది నిమిషాలైనా వేయించాలి. రెండు చెంచాల మినప్పప్పు, చెంచా ధనియాలు, అర చెంచా జీలకర్ర, ఎనిమిది ఎండుమిర్చి వేరే వేయించుకుని, నిమ్మకాయంత చింతపండు, ఉప్పు, చిన్న బెల్లం ముక్కతో రుబ్బాలి. గొంతులో గరగర వచ్చిందంటే ఈ మూడింటిలో ఏదో ఒకటి తప్పింది: కాడ ముదురు, వేపుడు చాల్లేదు, పులుపు తగ్గింది. ఆ గరగర కాడలోని సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాల పని. ఎముక విరిగినవాళ్ళకి పెట్టే కూరగా దీనికి పేరుంది. కట్టు కట్టించుకున్నాక అన్నంలోకి తినడానికి సరే, కట్టుకి బదులుగా మాత్రం కాదు.

మునగ దడి మూలన, మట్టి పోగుచేసిన దిబ్బ మీద. నల్లరేగడిలో చదునుగా నాటితే మొదటి గట్టివానకే వేరు కుళ్ళి ఒరిగిపోతుంది. ఆషాఢంలో మునగాకు తినాలన్న మాట పట్టుకుని కొమ్మలు కొట్టేవాళ్ళు, దాంతో కత్తిరింపూ అయిపోయేది. ఆ నెలల్లోనే మాను మీద గొంగళిపురుగులు గుంపుగా చేరతాయి. ఒంటికి తగిలితే దద్దుర్లే.

నూతిగట్టు దగ్గర పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ. వాము ఆకుకి అంతకన్నా మంచి చోటు లేదు. అరచెయ్యంత కొమ్మ తుంచి, కింది ఆకులు తీసేసి, ఒకరోజు నీడలో వదిలేస్తే తెగిన చోటు ఆరుతుంది. వెంటనే గుచ్చితే కుళ్ళేవి ఎక్కువ. మే నెల ఎండ నేరుగా పడితే ఆకు చిన్నదై, మందమై, తెల్లబోతుంది. వాసన ఉంటుంది గానీ బజ్జీకి పనికిరాదు. ముదురు ఆకు ఒకటి ఉప్పుకల్లుతో నమలడం, లేదా రెండాకులు పెనం మీద వాడ్చి పిండిన అరచెంచా రసం, గొంతు బిగిసినప్పుడు పెద్దలు వాడింది ఇంతే.

పక్కనే తులసికోట. వెన్నులు గిల్లకపోతే రెండేళ్ళలో మొక్క కర్రబారి పోతుంది. ద్వాదశి, మంగళవారం, శుక్రవారం ఆకు కోయకూడదన్న ఆచారం మొక్కకి తెరిపినిచ్చేది. దాని దగ్గరి చుట్టమే సబ్జా. వెన్ను గోధుమరంగు తిరిగాక కోసి, చేటలో నలిపి చెరిగితే గింజ దిగుతుంది. చెంచా గింజలకి గ్లాసు నీళ్ళు, పావుగంట నానాలి. పొడిగింజలు నోట్లో వేసుకుంటే గొంతులో ఉబ్బి అడ్డం పడతాయి. పిల్లల విషయంలో ఇది గుర్తుండాలి.

పెరట్లో పండనివి అంగట్లో తెచ్చుకునేవాళ్ళు. బెజవాడ వన్ టౌన్ సందుల్లో, గుంటూరు పట్నం బజారులో పచారీ కొట్ల ముందు శొంఠి, పిప్పళ్ళు, కరక్కాయ, సుగంధిపాల వేళ్ళు సంచుల్లో ఉండేవి. సుగంధిపాల వేరు పెన్సిలు కన్నా లావుంటే అనుమానించాలి. అసలుది సన్నగా, పైబెరడు అడ్డంగా పగిలి, గీరగానే తియ్యటి వాసన కొడుతుంది. వాసన బెరడులోనే ఉంటుంది. షర్బతుకైతే వంద గ్రాముల వేళ్ళని కడిగి, చితక్కొట్టి, మధ్యలో పుల్ల తీసేసి, లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, మర్నాడు సగమయ్యేదాకా సన్నసెగ మీద మూతపెట్టి కాచాలి. తెర్లిస్తే వాసనంతా వంటింట్లోకి పోతుంది. వడకట్టిన నీళ్ళకి రెట్టింపు బరువు పంచదార వేసి లేతపాకం. గ్లాసుకి రెండు చెంచాలు, నిమ్మకాయ సగం. కొండపల్లి, మంగళగిరి, కొండవీడు చుట్టుపక్కల గుట్టల్లో ఈ తీగ పెరుగుతుంది. వేరు లాగితే తీగ పోతుంది, పైగా రిజర్వు అడవిలో తవ్వడం నేరం. కొట్టులో కొనుక్కోవడమే మర్యాద.

వేసవి మాటొచ్చింది గనక వడదెబ్బ సంగతి. జేబులో ఉల్లిపాయ పెట్టుకుని వెళ్ళమనేవాళ్ళు, దానివల్ల ఒరిగేదేం లేదు. అదే ఇళ్ళలో కుండమీద మూతపెట్టి ఉంచిన ఉప్పు మజ్జిగ మాత్రం నిజంగా కాపాడేది: ఒక వంతు పెరుగుకి నాలుగు వంతుల నీళ్ళు, ఉప్పు, దంచిన అల్లం, కరివేపాకు, నిమ్మాకు. విరేచనాలైతే మజ్జిగ చాలదు. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకి ఆరు తలకొట్టిన చిన్న చెంచాల పంచదార, అదే చెంచాతో అర చెంచా ఉప్పు. ఉప్పు కొలత తప్పితే మేలు కన్నా కీడెక్కువ. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే తాగించడాలు పెట్టుకోకుండా ఒంటి మీద నీళ్ళు పోస్తూ, విసురుతూ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

జ్వరం తగ్గాక పెట్టే తిండికీ వరస ఉండేది. జావ, పెసరకట్టు, తర్వాత మిరియాల చారుతో మెత్తటి అన్నం. కారం లేనిదే ముద్ద దిగని గుంటూరులో పత్యం పెట్టడం మాటలు కాదు. గోంగూర, కొత్తావకాయ, వంకాయ కంటికి కనపడకుండా దాచాల్సిందే. చారుకి లీటరు నీళ్ళలో చిన్న ఉసిరికాయంత చింతపండు రసం, పసుపు, ఉప్పు వేసి బాగా మరగనిచ్చి, చెంచా మిరియాలు, చెంచా జీలకర్ర, ఆరు వెల్లుల్లి రెబ్బలు కచ్చాపచ్చాగా దంచి ఆఖరున వెయ్యాలి. పైకి నురగ లేవగానే దించాలి, ఆ తర్వాత మరిగితే మిరియం చేదెక్కుతుంది. కషాయాలకీ ఇదే వరస: శొంఠి, ధనియాలు ముందు, తులసి లాంటి ఆకులు దించే ముందు.

ఆ ఇళ్ళలో చేసినవన్నీ మంచివి కావు. పసిపిల్లలకి వసకొమ్ము అరగదీసి నాకించడం, తేనె పెట్టడం, ముక్కులో ఆముదం చుక్కలు వెయ్యడం మానెయ్యాల్సినవే. ఏడాది నిండని బిడ్డకి తేనెలో ఉండే సూక్ష్మజీవుల వల్ల బొట్యులిజం అనే, కండరాలు చచ్చుబడే జబ్బు రావచ్చు. ముక్కులో నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తుంది.

ఇప్పుడు అదే జాగాలో అయిదంతస్తులు లేచాయి, మిగిలింది బాల్కనీ. తూర్పు బాల్కనీ అయితే వాము ఆకు, పొన్నగంటి, సరస్వతి ఆకు హాయిగా బతుకుతాయి. పడమటి బాల్కనీలో నల్లేరు, కలబంద తప్ప మే నెల దాటేవి తక్కువ, పైన ఆకుపచ్చ నీడవల కట్టాలి. పసుపుకి అడుగున చిల్లులున్న పాత బియ్యం సంచి చాలు, సగానికి మడిచి మట్టి నింపి, దుంప ఊరేకొద్దీ మడత విప్పుతూ మట్టి వేసుకోవాలి. కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కల వేళ్ళు ఎర్రమట్టి ముద్దలో ఉంటాయి. ఆ ముద్దని అలాగే నల్లమట్టిలో దించితే నీళ్ళు చుట్టూ నిలిచి లోపల ముద్ద పొడిగా ఉండిపోతుంది, మొక్క ఎందుకు వాడిందో అర్థం కాదు. నాటేముందు ముద్దని బక్కెట్టు నీళ్ళలో నానబెట్టి, అంచుల మట్టి సగం వదిలించి, వేళ్ళు విడదీసి, సాయంత్రం పూట నాటాలి.